అయిదో మంచం పొత్తిగుడ్డలు

సోమవారం పొద్దున్నే లాండ్రీ ఇన్‌చార్జి తన బల్లమీద పదకొండు పొత్తిగుడ్డలు పరిచి కూర్చున్నాడు. పదకొండూ ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టినవే. పదకొండూ నల్లగా ఉన్నాయి. నడిమధ్య కారునలుపు, అంచులకు వచ్చేసరికి ముదురు ఇటుక రంగు.

"రా, చూడు నీ పనితనం," అన్నాడు.

సబ్బక్క చూసింది. ఆ ఆసుపత్రి లాండ్రీలో ఆమె చేరి పద్దెనిమిదేళ్లు. ఏప్రాను జేబులో ఒక సబ్బుముక్క వేసుకుని, మరక ఎక్కడ కనిపిస్తే అక్కడే నిలబడి రుద్దే అలవాటు ఆమెది. అందుకే డాక్టర్ల దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ ఆమె సబ్బక్కే. రక్తానికి చన్నీళ్లు, నూనెకు వేణ్నీళ్లు, మందు మరకైతే అది ఏ మందో కనుక్కుని దానికి తగ్గ విరుగుడు. ఇవన్నీ ఆమె వేళ్లకు తెలుసు. ఈ నలుపు మాత్రం ఆమె ఎరగదు.

"రెండు వారాల్నుంచి ఇదే వరస," అన్నాడు ఇన్‌చార్జి. గొంతు పెంచి మరీ అన్నాడు, పిండే యంత్రం దగ్గరున్న వాళ్లకు కూడా వినబడాలని. "పిల్లల వార్డు పెద్ద నర్సు సరాసరి సూపరింటెండెంటు దగ్గరికే వెళ్లింది. పసిపిల్లల ఒంటికి తగిలే గుడ్డలు ఇవి. వీటిలో ఏం కలిపావు?"

"నేనేం కలుపుతాను సార్? అందరి గుడ్డల్లో పడేదే వీటిలోనూ పడింది. రోజుకు ఆరువందల దుప్పట్లు తెల్లగా వస్తున్నాయి. ఈ పదకొండే ఎందుకు నల్లబడ్డాయి?"

"అది నువ్వు చెప్పాలి, నేను కాదు. కొత్త పౌడరు ఏరికోరి తెప్పించాను. పౌడరులో తేడా లేదు. తేడా ఉంటే వాడే చేతిలో ఉంది." ఒక కాగితం ఆమె ముందుకు తోశాడు. "మెమో. గురువారం పది గంటలకు సూపరింటెండెంటు గదిలో సంజాయిషీ ఇవ్వాలి. సరైన జవాబు లేకపోతే ఆ రోజే ఆఖరు."

సబ్బక్క తడిచేతులు ఏప్రానుకు తుడుచుకుని సంతకం పెట్టింది. తోటివాళ్లు తలలు దించుకుని దుప్పట్లు మడుస్తున్నారు. ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. పద్దెనిమిదేళ్లలో ఆమెను ఒకరు వేలెత్తి చూపడం ఇదే మొదటిసారి. అదీ మరక విషయంలో. మెమో మడిచి సబ్బుముక్క పక్కనే జేబులో పెట్టుకుని తొట్టి దగ్గరికి పోయి పని మొదలుపెట్టింది గాని, ఆ పూట ఏం ఉతికిందో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, అత్తగారి పక్కన కూలబడింది. అత్తగారు కూడా ఒకప్పుడు అదే లాండ్రీలో చేసి దిగిపోయిన మనిషి. యంత్రాలు రాకముందు చేతులతో ఉతికిన తరం ఆమెది. చెవులు కాస్త మొద్దుబారాయి గాని నోరు ఇంకా పదునే. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కోడలు చెప్పిందంతా విని, "నువ్వు చేశావా?" అని అడిగింది.

"లేదత్తయ్యా."

"ఆ?"

"లేదంటున్నాను!"

"అరవకు, వినబడింది. నువ్వు చేయనప్పుడు ఏడుపెందుకు? ఏడిస్తే పోయే మరక ఇంతవరకు నేను చూళ్లేదు. ఎవరిదో కనుక్కో."

"తొట్టిలో పడ్డాక అన్నీ ఒకటే. ఎవరిదని కనుక్కోను?"

"అయితే తొట్టిలో పడకముందే చూడు. మా రోజుల్లో మూట విప్పి, ఒక్కొక్క గుడ్డా దులిపి చూడందే నీళ్లు చూపించేవాళ్లం కాదు. మీరు బటను నొక్కి బాతాఖానీ కొడతారు." ఒక చిక్కుడుకాయ విరిచి, కోడలి మొహం వైపు చూసి కాస్త మెత్తబడింది. "లేచి మొహం కడుక్కో. నీ మొగుడొచ్చి నీ వాలకం చూశాడంటే రేపు బస్సు నడపడు, ఆసుపత్రి మీదకే తోలతాడు."

సబ్బక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే ఒక ఆలోచన కూడా వచ్చింది.

మంగళవారం పని మొదలుకాకముందే కుట్టుగదికి వెళ్లి ఎనిమిది రంగుల దారాలు అడిగి తెచ్చుకుంది. పిల్లల వార్డులో ఎనిమిది మంచాలు. ఉతికిన పొత్తిగుడ్డల దొంతర ముందేసుకుని ఒక్కో గుడ్డ మూలన ఒక్కో రంగు దారంతో రెండేసి కుట్లు వేసింది. మొదటి మంచానికి పసుపు, రెండోదానికి ఆకుపచ్చ, అయిదోదానికి ఎరుపు. దొంతరలు కట్టుకుని పై అంతస్తుకు ఎక్కింది.

"నా వార్డులో ఈ రంగులేమిటి?" అంది పెద్ద నర్సు. నిన్నటి కోపం ఇంకా తగ్గలేదు.

"ఒక్కరోజు నర్సమ్మా. ఏ రంగు గుడ్డ ఆ మంచానికే వాడండి. మీరు ఫిర్యాదు చేసినందుకు నాకేం కోపం లేదు. మీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. కానీ నా మీద పడ్డది నేనే కడుక్కోవాలిగా."

పెద్ద నర్సు ఆ దొంతరలను కాసేపు చూసింది. కుట్లు ఎంత పొందికగా ఉన్నాయో కూడా చూసింది. "సరే. రేపు పొద్దున్న దాకా," అంది.

బుధవారం మూట దిగింది. సబ్బక్క దాన్ని యంత్రానికి ఇవ్వకుండా సిమెంటు గట్టుమీద విప్పింది. అత్తగారు చెప్పినట్టే ఒక్కొక్క గుడ్డా దులిపి చూసింది. వాసనలో తేడా లేదు, అన్నీ పసిపిల్లల గుడ్డల వాసనే. నలుపు ఎక్కడా లేదు. ఎర్రదారం గుడ్డల్లో మాత్రం తడి ఆరిన అంచున పలచటి టీ రంగు గీత ఒకటి కనబడింది. వెతికితే తప్ప కనబడని గీత.

ఎనిమిది బేసిన్లు వరసగా పెట్టింది. ఎనిమిదింటిలోనూ ఒకే కొలత నీళ్లు, ఒకే కొలత ఉతికే సోడా. ఒక్కో దాంట్లో ఒక్కో మంచం గుడ్డ ముంచి, పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. పసుపుదారం గుడ్డ అలాగే ఉంది. ఆకుపచ్చ అలాగే ఉంది. అయిదో బేసిన్లో మొదట నీళ్ల పైపైన గోధుమరంగు పొగలాంటిది లేచింది. వేలితో కలిపింది. రంగు చిక్కబడింది. ఇస్త్రీ దగ్గరున్న ఆమె "టీ తాగుదాం రా అక్కా" అని పిలిచింది. సబ్బక్క వెళ్లి తాగి, గ్లాసు కడిగి వచ్చేసరికి ఆ గుడ్డ నల్లబడిపోయింది. మిగిలిన ఏడూ ఎలా ఉన్నవి అలా ఉన్నాయి.

సబ్బక్క పీట మీంచి లేచింది. ఇంకో ఎర్రదారం గుడ్డ తీసి నిలువునా రెండుగా చించింది. ఒక సగం సోడాలో వేసింది. రెండో సగాన్ని ఆఖరి జాడింపులో దుప్పట్లకు వేసే పుల్లటి మందు కలిపిన నీళ్లలో వేసింది. సోడాలో పడ్డ సగం కళ్లముందే నల్లబడింది. పులుపులో పడ్డ సగం తెల్లగా తేలింది.

"ఏయ్! ఆసుపత్రి సొత్తు చించుతున్నావా?" ఇన్‌చార్జి గుమ్మంలోంచే కేకేశాడు.

"ఇదీ నా లెక్కలోనే రాసుకోండి సార్," అంది సబ్బక్క తలెత్తకుండా. "ముందు ఇలా వచ్చి ఇది చూడండి."

అతను వచ్చి చూశాడు. రెండు సగాలూ, ఎనిమిది బేసిన్లూ మార్చి మార్చి చూశాడు. తర్వాత మొహం గంటు పెట్టుకుని, "ఈ గారడీలన్నీ రేపు పెద్దాయన ముందు చేసుకో," అని వెళ్లిపోయాడు. అడుగులు మాత్రం వచ్చినప్పుడున్నంత జోరుగా లేవు.

అయిదో మంచంలో పద్నాలుగు నెలల పాప ఉంది. ఉయ్యాలలోంచి పడి తొడ ఎముక విరిగితే రెండు కాళ్లూ పైకెత్తి బరువులకు కట్టారు. రెండు వారాలుగా అలాగే పడుకుని, ఎవరు పలకరించినా ముందుపళ్లు కనబడేలా నవ్వుతోంది. సబ్బక్క చేతిలో రెండు గుడ్డముక్కలు చూడగానే పాప తల్లి మొహం పాలిపోయింది.

"మీరు కూడా నన్నే అంటారా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పుట్టినప్పట్నుంచి ఇంతేనండీ. ఎంత ఉతికినా, ఎంత సబ్బు వేసినా అంత నల్లబడేది. మా అత్తగారు నాకు ఉతకడం చేతకాదని వచ్చినవాళ్లందరికీ చూపించేది. భరించలేక చాటుగా పారేసి కొత్తవి కుట్టుకునేదాన్ని. ఇక్కడైనా ఎవరికీ తెలియదులే అనుకున్నాను."

సబ్బక్క ఆ మంచం అంచున కూర్చుంది. తనకు రెండు రోజులకే ఊపిరాడలేదు, ఈ పిల్ల పద్నాలుగు నెలలుగా మోస్తోంది.

"నిన్నెవరంటారమ్మా? నన్నూ ఇదే అన్నారు," అంది. "తప్పు నీదీ కాదు, నాదీ కాదు. సబ్బు వేసేకొద్దీ నల్లబడుతోందంటే ఉతకడంలో లేదు తేడా. పాప పోసే నీళ్లలోనే ఏదో ఉంది. అదేమిటో కనుక్కుందాం. పాపకు మంచిది."

తల్లి కళ్లు తుడుచుకుంది. "మా నాన్న చొక్కాలు కూడా చంకల దగ్గర ఇదే రంగు పడతాయండీ," అంది, ఇప్పుడే తట్టినట్టు.

పెద్ద నర్సు ఇదంతా వెనక నిలబడి వింటూనే ఉంది. ఎవరూ అడక్కుండానే చీటీ రాసి, పాపకు మూత్రం పట్టే చిన్న సంచి అంటించి, అందులోంచి నింపిన సీసా సబ్బక్క చేతికే ఇచ్చింది.

ల్యాబ్‌లో మూత్రపరీక్షలు చేసేది చుక్కల మాస్టారు. పొద్దస్తమానం చుక్కలు వేసుకుంటూ కూర్చుంటాడని ఆ పేరు. చీటీ చూసి, పాత రిజిస్టరు తిరగేశాడు. "ఈ పాపకు వచ్చిన రోజే చేశాను కదా. చక్కెర లేదు, చీము లేదు, రక్తం లేదు. అన్నీ బాగున్నాయి."

"మీ పరీక్ష కాగితం మీద ఎన్ని గళ్లుంటాయి మాస్టారూ?"

"పది."

"ఇది పదకొండోదేమో."

చుక్కల మాస్టారు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆమె బల్లమీద పెట్టిన రెండు గుడ్డముక్కలు చూసి ఆగిపోయాడు. "దేంట్లో వేశావు ఇది?"

"సోడాలో. అది పులుపులో."

అతను సీసా అందుకున్నాడు. గాజునాళికలో సగం దాకా నీళ్లు పోసి, సోడా కన్నా గట్టి క్షారం నాలుగు చుక్కలు వేసి వెలుతురుకు ఎత్తి పట్టాడు. గాలి తగిలే పైభాగంలో గోధుమరంగు వలయం ఒకటి ఏర్పడింది. ఊపాడు. రంగు కిందకు దిగింది. మళ్లీ ఊపాడు. నాళిక అంతా నలుపు. ఇంకో నాళికలోకి పసుపు రంగు ద్రవం ఒక్కో చుక్కా జారవిడిచాడు. చుక్క పడ్డప్పుడల్లా నీలం తళుక్కున మెరిసి మాయమవుతోంది. మూడో దాంట్లో వెండి మందు వేస్తే వేసిన క్షణమే నల్లబడింది.

చుక్కల మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ గదిలో ఉన్నది ఒక్కటే స్టూలు. దాన్ని ఆమె వైపు జరిపాడు. "కూర్చో సబ్బక్కా."

"నేను కూర్చోడం కాదు, ఏమిటో చెప్పండి."

"పాతికేళ్ల కింద నేను రాసిన పరీక్షలో దీనిమీద రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. జవాబు రాసేశాను. కళ్లతో చూడటం మాత్రం ఇదే మొదటిసారి." గోడకున్న ఫోను తీశాడు. "డాక్టరమ్మా, ఉన్నపళంగా రావాలి. ఆ... లేదు, మిషను పాడవలేదు. మిషను చూడనిది ఒకటి సబ్బక్క పట్టుకుంది."

పిల్లల డాక్టరమ్మ మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చింది. మూడు నాళికలూ చూసి నేరుగా వార్డుకు నడిచింది, సబ్బక్కను వెంటబెట్టుకుని. అప్పుడే పాప తాత భోజనం డబ్బా పట్టుకుని వచ్చి ఉన్నాడు. "నాన్నా" అని కూతురు పిలిస్తే తల తిప్పలేక మనిషంతా తిరిగాడు. డాక్టరమ్మ ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చెవి మడిచి చూసింది. చెవి డొప్ప లోపలి మడతలన్నీ నీలిబూడిద రంగు.

"నడుము ఎన్నాళ్లుగా ఇలా పట్టేసింది తాతగారూ?"

"ముప్పయ్యేళ్ల పైమాటేనమ్మా. మూటలు మోసినవాణ్ణి. ఎముకలు అరిగాయన్నారు. కొంతమంది పని ఎగ్గొట్టడానికి వేషమన్నారు."

"వేషం కాదు," అంది డాక్టరమ్మ. తల్లివైపు తిరిగింది. "నువ్వూ మీ ఆయనా బంధువులా?"

"మా మేనత్త కొడుకేనండీ."

డాక్టరమ్మ వాళ్లందరికీ అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. మనం తినే పప్పులోనూ పాలలోనూ గుడ్డులోనూ ఉండే మాంసకృత్తులు ఒంట్లో ముక్కలు ముక్కలుగా విడిపోతాయి. ఆ ముక్కల్లో ఒకదాన్ని పూర్తిగా అరగదీసే శక్తి ఈ పాపకు పుట్టుకతో లేదు. తల్లివైపునుంచీ తండ్రివైపునుంచీ అదే లోపం వచ్చి కలిసింది. సగం అరిగి మిగిలిపోయేది హోమోజెంటిసిక్ ఆమ్లం. అదే మూత్రంలో పోతోంది. గాలి తగిలితే మెల్లగా, సోడా తగిలితే గబగబా నల్లబడుతుంది. ఒంట్లో నిలవ ఉండిపోతే ఏళ్లు గడిచాక కీళ్లలోనూ వెన్నులోనూ చేరుతుంది, తాతగారి చెవుల్లో చేరినట్టే.

"ఇప్పుడు పాపకు ప్రమాదమేం లేదు. కాలు మామూలుగానే అతుక్కుంటుంది. ఇది నడివయసు దాకా ఎవరూ పట్టుకోలేని జబ్బు, మనకు పద్నాలుగో నెలలోనే దొరికింది. తిండి చూసుకుంటాం, కీళ్లు చూసుకుంటాం, వయసొచ్చాక మందు కూడా ఉంది. తాతగారూ, పాపకు మీ అంత దాకా ముదరనివ్వం."

తాత చెవి తడుముకుంటూ నిలబడిపోయాడు. "అయితే నేను నిజంగానే..." అని ఆగి, "ఆ మాట ఇంకోసారి చెప్పు తల్లీ, వేషం కాదన్న మాట," అన్నాడు.

డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. ఆయన గొంతెత్తి ఏడ్చాడు. ఏడుస్తూనే మనవరాలి బొటనవేలు పట్టుకుని ఊపాడు. పాప కిలకిలమంది.

గురువారం పది గంటలకు సూపరింటెండెంటు గదిలో ఇన్‌చార్జి తన ఫిర్యాదు గడగడా చదివాడు. సబ్బక్క తన రెండు గుడ్డముక్కలూ బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ నాళికలు పెట్టింది. పెద్ద నర్సు కూడా వచ్చి, ఎవరూ పిలవకపోయినా గోడకు ఆనుకుని నిలబడింది. అయిదు నిమిషాల్లో అంతా తేలిపోయింది.

సూపరింటెండెంటు గుడ్డముక్క తిప్పి చూస్తూ, "అయినా నాకో సందేహం," అన్నాడు. "ఫిర్యాదులు రెండు వారాల నుంచి మొదలయ్యాయి. కొత్త పౌడరు వచ్చిందీ రెండు వారాల కిందటే. ఆ పౌడరు ఎవరు తెప్పించారు? పసిపిల్లల గుడ్డలకు పనికొస్తుందో లేదో చూశారా?"

గదిలో ఉన్నవాళ్లందరూ ఇన్‌చార్జి వైపు తిరిగారు. అతని నుదురు చెమర్చింది. చేతిలోని ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. రెండు వారాలుగా అతను నిద్రలో కూడా భయపడుతున్న ప్రశ్న అదేనని సబ్బక్కకు అప్పుడు తెలిసింది. మెమో ఎందుకంత తొందరగా వచ్చిందో కూడా తెలిసింది. ఇప్పుడు తను నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

"పౌడరు మంచిదే సార్," అంది. "ఏడు మంచాల గుడ్డలు అదే పౌడరుతో తెల్లగా వచ్చాయి. పౌడరు వచ్చిన వారమే పాపా వచ్చింది, అంతే."

ఇన్‌చార్జి ఆమె వైపు చూసి కళ్లు దించుకున్నాడు.

"మంచిది," అన్నాడు సూపరింటెండెంటు. "మెమో రద్దు. ఇంకేమైనా కావాలా అమ్మా నీకు?"

"ఒక్కటి సార్. నన్ను అందరి ముందూ అన్నారు. రద్దయిందన్న మాట కూడా అక్కడే, అందరి ముందూ చదివితే చాలు."

పదకొండు గంటలకు లాండ్రీలో యంత్రాలన్నీ ఆపించారు. అన్నీ ఒక్కసారి ఆగేసరికి నీటిచుక్కలు పడుతున్న చప్పుడు కూడా వినబడింది. ఇన్‌చార్జి సోమవారం నిలబడ్డ చోటే నిలబడి, తన చేత్తో రాసిన కాగితం చదివాడు. ఆఖరి వాక్యం రెండోసారి గట్టిగా చదివాడు. "ఆరోపణ తప్పు. తప్పు నాది." ఇస్త్రీ దగ్గరామె ముందు చప్పట్లు కొట్టింది. తర్వాత పిండే యంత్రం వాళ్లు, మడతలు పెట్టేవాళ్లు, చివరికి బొగ్గుమసి మొహంతో బాయిలరు మనిషి కూడా వచ్చి కొట్టాడు.

ఆ సాయంత్రం ఇదంతా విని అత్తగారు, "ఆ?" అంది. మళ్లీ మొదట్నుంచి చెప్పించుకుంది. మూడోసారి "ఆ?" అన్నప్పుడు గాని, చెవుడు వల్ల కాదు, వినాలన్న సరదాతో అడుగుతోందని సబ్బక్కకు తట్టలేదు.

ఆరో రోజుకు పెద్ద ల్యాబ్ నుంచి కాగితం వచ్చింది. అక్కడి యంత్రం గీసిన గీతలో మిగిలినవన్నీ చీమల పుట్టల్లా ఉంటే, ఒక్కటి మాత్రం తాటిచెట్టంత లేచింది. డాక్టరమ్మ చెప్పిన ఆమ్లమే అది. తాత నీళ్లలో కూడా అదే లేచింది. పాప తల్లి ఆ కాగితానికి నకలు అడిగి తీసుకుంది. "మా అత్తగారికి చదివి వినిపించాలి," అంది. ఆమె అలా నవ్వడం ఆ వార్డులో ఎవరూ అంతకుముందు చూడలేదు.

మర్నాడు డాక్టరమ్మ పదిమంది కుర్ర డాక్టర్లను వెంటబెట్టుకుని లాండ్రీకి దిగింది. తెల్లకోట్లు వేసుకుని, ఆవిరికి కళ్లు చికిలిస్తూ వాళ్లంతా తొట్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు.

"మీ పుస్తకాల్లో ఇది సగం పేజీ ఉంటుంది," అంది డాక్టరమ్మ. "మిగతా సగం ఈవిడ చెబుతుంది. రాసుకోండి."

సబ్బక్కకు మొదట నోరు పెగల్లేదు. చేతులు మాత్రం వాటంతటవే బేసిన్ల మీదికి పోయాయి. దారాలు ఎందుకు కుట్టిందో, సోడా ఎంత వేసిందో, పులుపు ఎందుకు తోచిందో చెబుతూ చెబుతూ ఆమె గొంతు నిలదొక్కుకుంది. అయిదో మంచం గుడ్డ సోడాలో ముంచి, "ఇప్పుడు చూడండి," అంది. పదిమందీ ముందుకు వంగారు. నీళ్లలో గోధుమరంగు పొగ లేచింది. ఎవరో "అబ్బా" అన్నారు.

వెనకున్న కుర్ర డాక్టరొకామె చెయ్యెత్తింది. "మేం రెండు వారాలు రోజూ ఆ పాపను చూశామండీ. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మీకు ఎలా తెలిసింది?"

సబ్బక్క తడిచేతులు ఏప్రానుకు తుడుచుకుంది.

"అదేమిటో నాకేం తెలుసమ్మా?" అంది. "నేను చేయలేదని మాత్రం తెలుసు. అక్కణ్నుంచి వెతుక్కుంటూ వచ్చాను."

కుర్ర డాక్టరు ఆ మాట కూడా రాసుకుంది. ఇంతలో లిఫ్టు తలుపు ధడాలున తెరుచుకుని, మాసిన గుడ్డల బండి గడగడమంటూ లోపలికొచ్చింది.

"జరగండి, జరగండి డాక్టర్లూ," అంది సబ్బక్క, చేతులు పైకి మడుచుకుంటూ. "ఆరో అంతస్తు గుడ్డలొచ్చాయి."

తెల్లకోట్లన్నీ గోడకు హత్తుకుపోయి ఆమెకు దారి ఇచ్చాయి.